షోరూం సర్వీసింగ్ ఎంతవరకు, సొంత చేతిపని ఎంతవరకు: నల్లగొండ నుంచి ఒక సమీక్ష

వారంటీ దాటిన కారును ఏటా షోరూంకే పంపాలా, లేక చేతనైన పని ఇంటి దగ్గర చేసుకొని మిగిలినది తెలిసిన షెడ్డులో చేయించుకోవాలా అన్న చర్చ నల్లగొండలో కార్లున్నవారు నలుగురు కలిసిన చోటల్లా వస్తుంది. ఒకరు షోరూం బిల్లు చూపించి వాపోతారు; మరొకరు షెడ్డులో వేసిన నకిలీ ఫిల్టరు సంగతి చెబుతారు. నా చిన్న పెట్రోలు కారును ఉచిత సర్వీసుల కాలం నుంచి జిల్లా కేంద్రంలోని ఒక అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించి, వారంటీ ముగిశాక కొన్ని పనులను ఇంటికి మార్చుకున్నాను. షోరూంలో డబ్బిచ్చి కొనదగినవి ముఖ్యంగా లిఫ్టు, కంప్యూటరు, రికార్డు అని నాకు తేలింది. బిల్లులో చెప్పుకోదగ్గ భాగం మాత్రం వీటితో సంబంధం లేని పద్దుల మీద పోతున్నది.

ముందుగా సర్వీస్ సెంటర్‌లో మెచ్చుకోవలసినవి చెబుతాను. కారు లోపలికి వెళ్లగానే తిరిగిన కిలోమీటర్లు, ట్యాంకులో పెట్రోలు, బాడీ మీద ఉన్న గీతలు జాబ్ కార్డులో రాసి సంతకం తీసుకుంటారు. కారును లిఫ్టు మీద మనిషి ఎత్తుకు లేపి కింది భాగమంతా లైటు వేసి చూస్తారు. క్రితం సర్వీసులో ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్ చిరిగి ఉండటాన్ని అలాగే పట్టుకున్నారు. నడిపేటప్పుడు నాకు ఏ చప్పుడూ వినిపించలేదు, ఇంటి ముందు జాకీ పెట్టి చూసినా అది నా కంటికి ఆనేది కాదు. టెక్నీషియన్లకు పని తెలుసు. బ్రేకులు విప్పి శుభ్రం చేసిన తీరు, చక్రాల బోల్టులను టార్క్ రెంచితో బిగించిన తీరు చూశాను, వంక పెట్టడానికి లేదు. మధ్యాహ్నానికి ఇస్తామన్న కారు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చేతికి రావడం మాత్రం ఇక్కడ మామూలే.

చిక్కంతా పనుల అంచనా రాసే అడ్వైజర్ బల్ల దగ్గర మొదలవుతుంది. ఇంజన్ ఫ్లషింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిస్‌ఇన్ఫెక్టెంట్, పెట్రోలులో కలిపే అడిటివ్, కింది భాగానికి తుప్పు పట్టని పూత అంటూ ఒక్కో పద్దు చదువుతారు. "అందరూ చేయించుకుంటున్నారు సార్" అన్న మాట తప్ప దేనికీ వేరే కారణం వినిపించదు. నా కారు ఓనర్స్ మాన్యువల్‌లో ఏ కిలోమీటరు దగ్గర ఏది తనిఖీ చేయాలో, ఏది మార్చాలో పట్టిక ఉంది. పైన చెప్పిన పద్దుల్లో ఒక్కటి కూడా ఆ పట్టికలో లేదు. వీటన్నింటికీ సరేనంటే ఏడు వేల లోపు తేలవలసిన బిల్లు పది వేలు దాటుతుంది. అడ్వైజర్‌ను తప్పు పట్టలేం, ఆయనకూ నెలవారీ టార్గెట్లు ఉంటాయి. మాన్యువల్ చేతికిచ్చి, ఈ పని ఏ పేజీలో ఉందో చూపించమని మర్యాదగా అడిగితే ఆ పద్దులన్నీ వాటంతట అవే జాబ్ కార్డులో నుంచి జారిపోతాయి. ఉచిత సర్వీసు అంటే లేబర్ మాత్రమే ఉచితమని, ఆయిలుకు, ఫిల్టర్లకు డబ్బు కట్టవలసిందేనని కొత్తగా కారు కొన్నవారు గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాలన్నింటి మీదా జీఎస్టీ 18 శాతమే అయింది; అంతకు ముందు చాలావాటి మీద 28 శాతం ఉండేది. పాత రేటుతో అంచనా రాసిస్తే వెంటనే అడగవచ్చు.

ఇక ఇంటి పనుల సంగతి. వీటిలో అన్నింటికంటే ముందు ఎయిర్ ఫిల్టరును చెప్పాలి. మన జిల్లాలో వానాకాలం పంట కోతలప్పుడు ఒకసారి, యాసంగి కోతలప్పుడు మరోసారి రోడ్ల పక్కన వడ్లు ఆరబోస్తారు, ట్రాక్టర్లు, హార్వెస్టర్లు తిరుగుతాయి, మిర్యాలగూడ వైపు రైసు మిల్లుల చుట్టుపక్కల ఊకదుమ్ము గాలిలో తేలుతూనే ఉంటుంది. షోరూం వారు కిలోమీటర్ల లెక్కతో ఫిల్టరు మారుస్తారు, కానీ ఇక్కడ ఫిల్టరు ఆయుష్షును దుమ్ము నిర్ణయిస్తుంది. దుమ్ము ఎక్కువగా ఉండే చోట్ల చెప్పిన గడువు కంటే ముందే చూసుకోవాలని మాన్యువల్ కూడా చెబుతున్నది. నా కారులో బాక్సు క్లిప్పులు విప్పి పాతది తీసి కొత్తది పెట్టడానికి పానా కూడా అవసరం పడదు. కాగితపు ఫిల్టరును నీళ్లతో కడగకూడదు. మధ్యలో ఒకసారి శుభ్రం చేయాలనుకుంటే లోపలి వైపు నుంచి బయటికి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టాలి. ఏసీ ఫిల్టరు చాలా కార్లలో గ్లోవ్ బాక్సు వెనుకే ఉంటుంది. ఎండాకాలంలో ఏసీ చల్లదనం తగ్గిందని గ్యాసు నింపించుకోవడానికి పరుగెత్తేవారు ముందు ఆ ఫిల్టరు బయటికి లాగి చూడాలి; అది మూసుకుపోతే బ్లోయర్ ఎంత పెంచినా గాలి రాదు. ఈ రెండు ఫిల్టర్లూ కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లోనే ఎంఆర్‌పీ చూసి కొంటాను.

రెండవది రేడియేటరు. మన బోరు నీటిలో ఫ్లోరైడ్ మాట దేశమంతా తెలిసినదే, కానీ కారుకు కీడు చేసేది ఆ నీటి కాఠిన్యం. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న నీరు వేడెక్కినప్పుడు సన్నని గొట్టాలలో పొలుసు కడుతుంది; ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌లో తుప్పును ఆపడానికి కలిపిన రసాయనాలు కూడా పలచబడతాయి. దారిలో నీళ్లు తగ్గాయని పక్క బావి నుంచి సీసాడు పట్టి పోసే అలవాటు పాత జీపుల కాలంలో చెల్లిందేమో, నేటి అల్యూమినియం రేడియేటర్లకు చేటు. నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల ఎండలో నార్కట్‌పల్లి దాటి జాతీయ రహదారి 65 మీద ఏసీ వేసుకొని వెళ్లే కారుకు కూలెంటే ప్రాణం. కంపెనీ చెప్పిన రకం, ముందే కలిపి అమ్మే కూలెంట్ ఒక లీటరు ఇంట్లో ఉంచుకొని, ఇంజన్ పూర్తిగా చల్లారాక రిజర్వాయర్‌లోని గీతలు చూసి పోసుకుంటే సరిపోతుంది. వేడి మీద రేడియేటర్ మూత తీయరాదు. కూలెంట్ మాటిమాటికీ తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతున్నట్టే లెక్క. అప్పుడు పోస్తూ కూర్చోకుండా బండిని చూపించాలి.

వైపర్ బ్లేడ్లు, బల్బులు, బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకొనే తెల్లటి పొర, టైర్లలో గాలి, వీటికి సర్వీసింగ్ దాకా ఆగడం ఎందుకో నాకు అర్థం కాదు. స్టెప్నీలో గాలి చూసుకొనేవారు మాత్రం అరుదు.

ఇంజన్ ఆయిల్ మార్చడం గురించి వీడియోలు చూసి ఉత్సాహపడేవారు చాలామంది ఉన్నారు. నా మట్టుకు ఆ పని ఇంటి దగ్గర చేయడం గిట్టుబాటు కాదు. షోరూం బిల్లులో ఆయిల్ ధర, మనం బయట కొనే అదే గ్రేడు ధర మధ్య పెద్ద తేడా ఉండదు. మిగిలేది లేబర్ మాత్రమే. దాని కోసం కారును పైకి లేపాలి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. కింద గట్టి స్టాండ్లు ఉండి తీరాలి, నేల సమంగా ఉండాలి. డ్రెయిన్ బోల్టు ఎక్కువ బిగిస్తే మర చెడుతుంది, తక్కువైతే కారుతుంది. ఆ పైన మూడు లీటర్లకు పైగా వచ్చే కాలిన ఆయిలును ఏం చేయాలి? 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వచ్చే పదార్థమది. మోరీలో పోస్తే చెరువుకు చేరుతుంది. చెదలు పట్టకుండా కర్రలకు పూసే అలవాటు మన ఊళ్లలో ఉన్నా, అదీ చివరకు మట్టిలోకే దిగుతుంది. అందువల్ల షోరూం వద్దనుకున్నవారు అసలైన ఆయిల్, ఫిల్టరు తామే కొని, ర్యాంపు గానీ గుంత గానీ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లి, కళ్ల ముందే డబ్బా సీలు విప్పించి పోయించుకోవడం మేలు. పాత ఆయిల్ కొనేవారు షెడ్డుకే వచ్చి డ్రమ్ములు తీసుకెళ్తారు. పదివేల కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాది నిండితే ఆయిల్ మార్చమనే చాలా మాన్యువళ్లు చెబుతాయి. ఇంటి ముందే నిలబడి ఉండే కార్లకు ఈ రెండో గడువే ముఖ్యం.

బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు, ఏసీ గ్యాసు, హైబ్రిడ్ కారులో అధిక వోల్టేజీ ఉండే నారింజ రంగు తీగలు కనిపించే ఏ భాగమైనా సరే, ఇంట్లో ముట్టుకోవలసినవి కావు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి సుమారు రెండేళ్లకు ఒకసారి మార్పించాలి. ఆ పనిని షోరూంలోనే చేయిస్తాను. కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ కొని ఫోనుకు కలిపితే చెక్ ఇంజన్ లైటు వెనుక కోడ్ తెలుస్తుంది. అయితే ఆక్సిజన్ సెన్సార్ కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సారే పోయిందని అర్థం కాదు. తీగ తెగినా, సైలెన్సరు పైపులో కంత పడినా అదే కోడ్ రావచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల కార్లలో, ముఖ్యంగా డీజిల్ వాటిలో, ఇలాంటి రోగనిర్ణయానికి కంపెనీ కంప్యూటరే దిక్కు. రీకాల్ పనులు కూడా అక్కడే, ఉచితంగా జరుగుతాయి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం లోపమున్న కార్లను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నాయి. మీ ఛాసిస్ నంబరుకు పెండింగ్ రీకాల్ ఉందేమో జాబ్ కార్డు రాసేటప్పుడే అడగాలి.

వారంటీ విషయానికి వస్తే, 2014 ఆగస్టులో మార్కెట్‌లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, బయటి మెకానిక్ చేయి పడిందన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేసే షరతులు పెట్టరాదని, విడిభాగాలు బహిరంగ మార్కెట్‌లో దొరకాలని ఆదేశించింది. తరువాత ఆ ఆదేశంపై అప్పీళ్లు నడిచాయి. అయినా వారంటీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ నడుస్తున్నంత కాలం నేను వాదనకు దిగను. షెడ్యూలు తప్పకుండా షోరూంలో చేయించి రికార్డు పెంచుకుంటాను. కారు అమ్మేటప్పుడు హైదరాబాదు కొనుగోలుదారులు మొదట అడిగేది ఆ రికార్డునే.

దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల వారికి షోరూం ప్రయాణమే ఒక పూట పని, కాబట్టి ఇంటి పనుల జాబితా కొంత పెరిగినా సమంజసమే. మహబూబ్‌నగర్ వారు జడ్చర్ల మీదుగా హైదరాబాదు పోతూ వస్తూ అక్కడే బండి ఇచ్చి రావచ్చు.

నేను చూసిన సర్వీస్ సెంటర్‌కు పనితనంలో ఐదుకు నాలుగు, అంచనా రాసే తీరులో రెండు, సమయపాలనలో రెండు ఇస్తాను. బండి చేతికొచ్చిన తరువాత ఫీడ్‌బ్యాక్ ఫోను వస్తుంది. పదికి పది చెప్పమని డెలివరీ ఇచ్చేవారు ముందే బతిమాలుతారు. నేను పైన రాసిన లెక్కనే చెబుతాను. ఇప్పుడు ఏడాదికి ఒకసారి, మాన్యువల్ పట్టికలో ఆ ఏటికి ఉన్నవి మాత్రమే తెల్లకాగితం మీద రాసుకొని వెళ్లి, అదే జాబ్ కార్డులో ఎక్కించమంటున్నాను. మార్చిన పాత భాగాలు డిక్కీలో పెట్టమని, అదనపు పని ఏదైనా తేలితే ఫోను చేసి ఒప్పుకున్నాకే మొదలుపెట్టమని కింద మరో రెండు వాక్యాలు రాయిస్తాను. అడ్వైజర్ ముఖం కాస్త ముడుచుకుంటుంది గానీ, బిల్లు మాత్రం అంచనా దాటడం లేదు.