యూకేలో జాబ్ పోయినవాళ్లకు హెచ్చరిక: కాస్ అమ్ముతామనే వాళ్లకు డబ్బు కట్టకండి

యూకేలో స్కిల్డ్ వర్కర్ వీసా (కంపెనీ స్పాన్సర్ చేస్తే వచ్చే ఉద్యోగ వీసా) మీద ఉండి, ఐఎల్ఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, కావాల్సిన ఐదేళ్లు నిండడానికి ఇంకా టైమ్ ఉండగానే జాబ్ పోయినవాళ్లను వెతికి మరీ పట్టుకుని, కాస్ (కొత్త వీసాకి అప్లై చేయడానికి కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్) అమ్ముతామనే కన్సల్టెన్సీలు తయారయ్యాయి. అందులో ఒకటి మా దగ్గర లక్షన్నర రూపాయలు తీసుకుని మొహం చాటేసింది. పేరు రాయడం లేదు. రాసినా లాభం లేదు, వాళ్లు పేర్లు మారుస్తూనే ఉంటారు. పద్ధతి మాత్రం అదే, అందుకే పద్ధతి రాస్తున్నాను.

నేను 2022లో వచ్చాను. ఐదేళ్లు నిండడానికి ఇంకా ఏడాది పైనే ఉందనగా మా టీమ్ మొత్తాన్ని రిడెండెన్సీలో తీసేశారు. స్పాన్సర్‌షిప్ ఇచ్చే కంపెనీలేమైనా తెలుసా అని ఒక తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగాను. కాసేపటికే ఫోన్ వచ్చింది. "టెన్షన్ పడకండి అక్కా, మీ తమ్ముడు ఉన్నాడు కదా" అంటూ మొదలుపెట్టి, పది నిమిషాల్లో ఉన్న టెన్షన్‌కి రెండింతలు చేశాడు. మీ అరవై రోజులు ఆఖరి వర్కింగ్ డే నుంచే లెక్క, ఒక్క నెల గ్యాప్ వచ్చినా మీ ఐదేళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలు, పైగా పదేళ్ల రూల్ కూడా వస్తోంది అన్నాడు. 2025 మేలో ప్రభుత్వం వైట్ పేపర్‌లో (విధాన పత్రంలో) సెటిల్‌మెంట్‌కి, అంటే ఐఎల్ఆర్‌కి, పదేళ్లు అని ప్రతిపాదించినప్పటి నుంచి అందరిలోనూ ఉన్న భయమే అది. దాని మీదే వీళ్ల వ్యాపారం.

అతను చెప్పిన మొదటి రెండూ అబద్ధాలు. జాబ్ ఆగిపోయాక పది పనిదినాల్లోపు కంపెనీ హోమ్ ఆఫీస్‌కి (వీసాలు చూసే ప్రభుత్వ శాఖకి) రిపోర్ట్ చేయాలి. ఆ తర్వాత హోమ్ ఆఫీస్ నుంచి వీసా కుదిస్తున్నట్టు లెటర్ వస్తుంది. మామూలుగా అరవై రోజులిచ్చి, వీసా ఎప్పుడు ముగుస్తుందో ఆ తేదీ అందులోనే రాస్తారు. మీకు లెక్క ఆ తేదీ. లెటర్ లేటయితే హాయిగా కూర్చోమని కాదు, వెతుకులాట మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి. కానీ ఎవడో ఫోన్లో భయపెట్టాడని ఆ రాత్రికే డబ్బు పంపాల్సిన పని లేదు. ఈ లెటర్ ఈమెయిల్‌కి వస్తుంది కాబట్టి, మీ వీసా అకౌంట్లో పాత ఆఫీసు మెయిల్ ఉంటే ఇవాళే మార్చుకోండి. ఇక ఐదేళ్ల సంగతి: ఆ తేదీ లోపల కొత్త స్పాన్సర్‌తో అప్లై చేస్తే లెక్క తెగదు. ఒకే కంపెనీలో ఐదేళ్లు ఉండాలనే రూల్ కూడా లేదు.

ఇప్పుడు వాళ్ల ప్యాకేజీ వినండి. మొత్తం 9,000 పౌండ్లు, అడ్వాన్స్ లక్షన్నర, అదీ రూపాయల్లో, హైదరాబాద్‌లో ఎవరిదో సేవింగ్స్ అకౌంట్‌కి. రూపాయల్లో అడగడం ఊరికే కాదు. యూకే బ్యాంకుల మధ్య మోసపోయి పంపిన డబ్బును బ్యాంకులు తిరిగివ్వాలనే రూల్ 2024 అక్టోబర్ నుంచి ఉంది. బయటి దేశం అకౌంట్‌కి పంపితే అది వర్తించదు. మా ఆయన అన్నయ్య అక్కడి నుంచి ట్రాన్స్‌ఫర్ చేశారు, ఇక్కడి బ్యాంకు దాకా ఆ మాటే రాలేదు.

జాబ్ ఏమిటంటే, ఒక టైర్ల షాపులో మార్కెటింగ్ మేనేజర్. నేను పదేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను. షాపుకి వెళ్లక్కర్లేదట, జీతం ఏడాదికి 41,700 అని చూపిస్తారట. ప్రతి నెలా అకౌంట్లో పడిన జీతాన్ని క్యాష్‌గా తీసి తిరిగి ఇచ్చేయాలి, పైన "పేరోల్ ఖర్చు" నెలకు 1,100 పౌండ్లు మనమే కట్టాలి. ఆ ఖర్చేమిటో కూర్చుని లెక్కేశాను. ఆ జీతం మీద మన ఇన్‌కమ్ ట్యాక్స్ 5,800 పైన, మన నేషనల్ ఇన్సూరెన్స్ 2,300 పైన, ఓనరు కట్టాల్సిన ఇన్సూరెన్స్ 5,500. పన్నెండుతో భాగిస్తే 1,100 దాటుతుంది. అంటే చేయని ఉద్యోగానికి మన పన్నూ, ఓనరు పన్నూ కూడా మన జేబులోంచే.

అన్నట్టు, ఈ వీసాకి కనీస జీతంగా చూపించే ఆ 41,700 కూడా అందరికీ కాదు. 2024 ఏప్రిల్ 4కి ముందు నుంచీ ఈ వీసా మీదే ఉన్నవాళ్లకు కనీస జీతం అంతకంటే తక్కువ, 2025 జులై మార్పుల తర్వాత 31,300. మీ జాబ్ కోడ్‌కి వేరే రేటు ఉంటే అది కూడా చూడాలి. వీసాలు అమ్ముకునే మనిషికి ఆ సంగతే తెలియదు.

అడ్వాన్స్ వెళ్లిన తర్వాత ఒక పీడీఎఫ్ పంపాడు. చుట్టూ బంగారు రంగు బార్డర్, పైన కిరీటం బొమ్మ, కింద గుండ్రటి ముద్ర, అడ్డంగా సంతకం. అసలు కాస్ అనేది కాగితమే కాదు. కంపెనీ హోమ్ ఆఫీస్ సిస్టమ్‌లో చేసే ఎంట్రీ, మన చేతికి వచ్చేది ఒక రిఫరెన్స్ నంబరు. ఆ పీడీఎఫ్‌లో ఉన్న కంపెనీ పేరు ప్రభుత్వం పెట్టే లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల లిస్టులో వెతికితే నిజంగానే ఉంది! వెబ్‌సైట్లో నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. అలాంటి ఖాళీ ఏదీ లేదని, ఈ కన్సల్టెన్సీ ఎవరో తెలియదని, ఇలాంటి ఫోన్లు ఇంతకుముందూ వచ్చాయని అక్కడి ఆవిడ చెప్పింది. కాబట్టి లిస్టులో పేరుందని నమ్మొద్దు, ఆ లిస్టు ఎవరైనా చూసి కాపీ కొట్టొచ్చు.

రిఫండ్ అడిగితే "ప్రాసెస్‌లో ఉందక్కా" అన్నాడు, తర్వాత నంబరు బ్లాక్, గ్రూపులోంచి కూడా తీసేశారు.

డబ్బు పోవడం చిన్న నష్టం. నిజం కాస్ ఇచ్చి ఉంటే ఇంకా పెద్ద గొయ్యి. అసలు లేని ఉద్యోగమని తేలితే వీసా రిజెక్ట్ అవుతుంది, మోసం చేశారని తేలిస్తే పదేళ్లు బ్యాన్ పడొచ్చు. డిపెండెంట్ మీద ఉన్న భర్తా, పిల్లలూ కూడా మనతో పాటే. ఈలోపు ఇంకెవరి ఐడీతోనో ఫుడ్ డెలివరీ చేసుకోమని సలహా కూడా ఇచ్చాడు మహానుభావుడు. స్పాన్సర్ చేసిన ఉద్యోగం పోయాక ఆ పని చేయడం కూడా వీసా ఉల్లంఘనే.

నిజమైన కంపెనీ కాస్ ఫీజు మన దగ్గర అడగదు. 2025 ఏప్రిల్ నుంచి అది 525 పౌండ్లు, స్కిల్స్ చార్జ్ (విదేశీ ఉద్యోగిని స్పాన్సర్ చేసినందుకు కంపెనీ ప్రభుత్వానికి కట్టేది) వేరే, స్పాన్సర్ లైసెన్స్ ఖర్చు వేరే. ఇవన్నీ ఓనరే భరించాలి, మన మీద వేయడానికి వీల్లేదు. వీసా ఫీజు, ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ మాత్రం మనవి, కొన్ని కంపెనీలు అవి కూడా కడతాయి. డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే సొలిసిటర్ లాంటి లాయరైనా అయ్యుండాలి, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో రిజిస్టరైనా అయ్యుండాలి. లేకుండా చేస్తే ఇక్కడ నేరం. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మావాడు "మాది కన్సల్టింగ్ అక్కా, లీగల్ కాదు" అన్నాడు.

రెండేళ్లు పనిచేసి ఉంటే రిడెండెన్సీ డబ్బు మనకూ వస్తుంది, వీసా వాళ్లకు రాదని హెచ్ఆర్ అంటే ఒప్పుకోవద్దు. కొత్త జాబ్ దొరికి అప్లై చేశాక, అప్రూవల్ వచ్చేదాకా జాయిన్ అవ్వొద్దు, ఇండియాకి టికెట్ బుక్ చేయొద్దు. దేశం దాటితే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

నాకు లెటర్ వచ్చింది, రెండు చోట్ల ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. ఆ పీడీఎఫ్, ఫోన్ నంబరు, అకౌంట్ వివరాలు నా దగ్గరున్నాయి. మీకు ఇలాంటి ఆఫర్ వచ్చి ఉంటే, డబ్బు పంపే ముందు నాకు మెసేజ్ పెట్టండి, పక్కపక్కన పెట్టి చూసుకుందాం.