ఆక్సిజన్ క్షయకరణానికి ప్లాటినమా, కార్బన్ నానోగొట్టాలా?

హైడ్రోజన్, ఆక్సిజన్‌ల నుంచి విద్యుత్తును తీసే ఇంధన ఘటంలో (ఫ్యూయెల్ సెల్) హైడ్రోజన్ సులువుగానే విడిపోతుంది. ఇబ్బందంతా అవతలి ఎలక్ట్రోడు వద్ద, ఆక్సిజన్ నాలుగు ఎలక్ట్రాన్లు స్వీకరించి నీరుగా మారే మందకొడి చర్యలోనే, అంటే క్షయకరణంలోనే ఉంది. దాన్ని వేగవంతం చేసే ఉత్ప్రేరకంగా ప్లాటినాన్ని వాడతారు; నత్రజని చేర్చిన కార్బన్ నానోగొట్టాలు (కార్బన్ పరమాణువుల అతిసన్నని గొట్టాలు) దానికి పోటీ. సిద్ధాంతరీత్యా రావలసిన 1.23 వోల్టులలో గణనీయమైన భాగం, ప్లాటినం వాడినా, ఇక్కడే పోతుంది.

ఖర్చు: ప్లాటినం అరుదైన లోహం, దాని నిల్వల్లో సింహభాగం దక్షిణాఫ్రికాలోనే ఉంది. నానోగొట్టాలకు కార్బన్, నత్రజని, కొద్దిపాటి ఇనుము చాలు. అయితే వాటిని వందల డిగ్రీల వేడిలో పెంచి శుద్ధి చేయాలి కనుక, ‘చవక’ అన్న మాట ముడిసరుకుకు వర్తించినంతగా తయారీకి వర్తించదు.

పనితనం: నత్రజని పరమాణువు పక్కనున్న కార్బన్ నుంచి ఎలక్ట్రాన్ సాంద్రతను లాగడంతో ఆ కార్బన్‌పై స్వల్ప ధనావేశం ఏర్పడి, ఆక్సిజన్ అక్కడ అతుక్కుంటుంది. ఇటువంటి నిలువు నానోగొట్టాలు క్షార ద్రావణంలో ప్లాటినాన్ని మించగలవని 2009లో లిమింగ్ దాయ్ బృందం చూపింది. ఆమ్లంలో మాత్రం అవి వెనకబడతాయి. ఉత్సాహంతో రాసే కథనాలు తరచుగా దాటవేసే విషయమిది.

మన్నిక: ప్లాటినాన్ని కార్బన్ మోనాక్సైడ్ విషపూరితం చేస్తుంది, మిథనాల్ దారి తప్పిస్తుంది, నానోగొట్టాలకు ఆ బెడద తక్కువ. కానీ చర్య రెండు ఎలక్ట్రాన్ల వద్దే ఆగితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, తయారీలో మిగిలిపోయిన ఇనుము దానితో కలిసి, ఎలక్ట్రోడుల మధ్య ఉండే పొరను తినేసే రాడికల్స్‌ను (అతి చురుకైన కణాలను) తయారుచేస్తుంది.

ఆమ్లపు పొరతో నడిచే వాహనాలకు, తక్కువ చోటులో ఎక్కువ శక్తి కావలసినప్పుడు, ప్లాటినమే తగినది. జింక్-గాలి బ్యాటరీలకు, క్షార ఘటాలకు నానోగొట్టాలను నిస్సంకోచంగా పరిశీలించవచ్చు.