టర్బో కారుకు ట్యూనింగ్: బాక్సు మేలా, రీమ్యాప్ మేలా?

మా ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ (టర్బో పెట్రోల్) కారుకు లాగుడు పెంచే ట్యూనింగ్ బాక్సు, ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటరు) రీమ్యాప్ రెండూ చేయించి, విజయవాడ ఎండలోనే నడిపి చూశాను కనుక, ఇదే ఆలోచనలో ఉన్నవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. కంపెనీ లెక్క ప్రకారం ఈ 999 సీసీ మూడు సిలిండర్ల ఇంజనుకు 110 పీఎస్ శక్తి, 175 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) ఉన్నాయి.

ముందు బాక్సు పెట్టించాను. అది సెన్సరుకూ ఈసీయూకూ మధ్య కూర్చుని, టర్బో బూస్టును (టర్బో ఇంజనులోకి నెట్టే గాలి ఒత్తిడిని) ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. తక్కువైందనుకున్న ఈసీయూ ఇంకాస్త పెంచుతుంది. బిగించడానికి పావుగంట పట్టింది, మూడో గేరులో లాగుడు పెరిగిన మాట కూడా నిజమే. అయితే మే నెల మధ్యాహ్నం కాజ టోల్‌ప్లాజా వరుసలో పది నిమిషాలు ఆగి కదిలేసరికి ఆ లాగుడు ఏమైందో తెలియలేదు. లోపలికి వెళ్లే గాలి వేడెక్కితే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి దానంతటదే మండడం) మొదలవుతుంది, దాన్ని నాక్ సెన్సర్ పసిగట్టగానే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగును (స్పార్క్ పడే సమయాన్ని) వెనక్కి తీస్తుంది, దాంతో లాగుడు పడిపోతుంది. ఆ టైమింగు నా బాక్సు చేతిలో లేదు.

రీమ్యాప్‌లో ఓబీడీ పోర్టు (సర్వీసువారు కంప్యూటరు తగిలించే సాకెట్టు) ద్వారా ఈసీయూ సాఫ్ట్‌వేరునే తిరగరాస్తారు కాబట్టి బూస్టు, ఇంధనం, టైమింగు, టార్క్ పరిమితి ఒకదానికొకటి పొందికగా మారతాయి. కానీ ఫలితమంతా చేసేవారి ఓపికలో ఉంది. మొదట వెళ్లిన చోట తయారుగా ఉన్న ఫైలు ఎక్కించి, ఒక్క రౌండైనా వేయకుండా తాళాలు చేతికిచ్చారు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతూ తక్కువ ఆర్‌పీఎమ్‌లో యాక్సిలరేటర్ నొక్కితే, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు నాకింగ్ చప్పుడు వచ్చింది. ఆ సాయంత్రమే పాత ఫైలు వేయించుకున్నాను. రెండోసారి చేసిన ట్యూనర్ మాత్రం పక్క సీటులో ల్యాప్‌టాప్ పెట్టుకుని మంగళగిరి వరకు మూడుసార్లు తిప్పించి, గాలి ఉష్ణోగ్రత, టైమింగు ఎంత వెనక్కి పోతోందో చూసి, "మన ఎండకు ఇంత చాలండీ" అని బూస్టు తగ్గించారు. కాగితం మీద అంకె చిన్నదైనా, ఇప్పుడు ఎండలోనూ కారు ఒకేలా లాగుతోంది. నా ఓటు దీనికే.

పెడల్ బాక్సు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది యాక్సిలరేటర్ స్పందనను చురుకు చేస్తుందే తప్ప శక్తిని పెంచదు. ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు) ఉన్న టీఎస్ఐ కార్లవారు మాత్రం ఆ గేర్‌బాక్సు 250 ఎన్ఎం వరకే తట్టుకునేలా తయారైందని గుర్తుంచుకుని, ట్యూనర్‌తో ముందే టార్క్ పరిమితి మాట్లాడుకోవాలి.

వారంటీ ఇంకా మిగిలి ఉన్నవారికి నేను ట్యూనింగ్ బాక్సునూ రీమ్యాప్‌నూ రెండింటినీ సిఫారసు చేయను. సాఫ్ట్‌వేరు మార్చిన సంగతి సర్వీస్ సెంటర్ కంప్యూటరులో బయటపడవచ్చు, అప్పుడు ఇంజను క్లెయిమ్ తిరస్కరించవచ్చు. మార్పును బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజున అక్కడా చిక్కే. నేను వారంటీ ముగిశాకే చేయించి, అదే వారం బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేశాను.