ఒపినెలా, హిగోనోకామీనా?
ఈ రెండు మడత చాకుల్లో జేబులో వేసుకు తిరగడానికి నా ఓటు ఫ్రాన్స్ ఒపినెల్‌కే. 1890లో సవోయ్ కొండల్లో పుట్టింది. బీచ్ చెక్క పిడి, బరువే తెలియదు. 1955లో చేర్చిన ఉక్కు రింగు తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది. ఉద్దానం తోటల్లో కొబ్బరి ఈనెలు చీరేటప్పుడు వేళ్ల మీదికి మడుచుకుంటుందన్న టెన్షన్ ఉండదు. వానాకాలం మాత్రం చెక్క ఉబ్బి తెరవడం కష్టమవుతుంది.

జపాన్‌లోని మికి ఊరి హిగోనోకామికి లాక్ లేదు. బ్లేడు వెనక బుల్లి తోకను బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. అయినా ఆ ఇత్తడి రేకు పిడి వాడేకొద్దీ రంగు తిరుగుతుంటే ఎంత అందమో! దాచుకోవడానికి ఇదే.

సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్ ఒపినెల్ నయం. కార్బన్ ఉక్కుదైతే మామిడికాయ కోసిన వెంటనే తుడిచి, నూనె చుక్క రాయండి.