‘ఏలియన్ల సంగ్రామం’ టికెట్లు కొంటున్నారా? ముందు ఇది చదవండి

గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో ఈమధ్య కళ్యాణ మండపాలు అద్దెకు తీసుకుని ‘స్పెషల్ షో’ పేరుతో ఒక పాత ఇంగ్లిష్ సినిమా వేస్తున్నారు. టికెట్ 300 రూపాయలు. మేం నలుగురం వెళ్ళి 1,200 పోసి వచ్చాం. రాజోలు, పాలకొల్లు వైపు కూడా వేస్తారని విన్నాను, అందుకే రాస్తున్నాను.

వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. నాలుగు లేజర్ తుపాకులు, పచ్చరంగు తలకాయ ఒకటి, దాని కింద ‘ఏలియన్లతో మహా సంగ్రామం! మొట్టమొదటిసారి తెలుగులో! పిల్లలకు పండగే!’. సినిమా అసలు పేరు మాత్రం కింద మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. 2001: ఎ స్పేస్ ఒడిస్సీ. ఇంటికొచ్చాక పెద్దది చేసి చూస్తే కనబడింది.

మా బావగారు ‘ఆదిత్య 369 లాంటిదంటండి, పిల్లాణ్ణి కూడా తీసుకెళ్దాం’ అన్నారు. 1991లో టైమ్ మెషిన్ ఎక్కి కృష్ణదేవరాయల దగ్గరికి వెళ్ళొచ్చిన తరం మాది, సైన్స్ ఫిక్షన్ మాకేం కొత్త కాదని ధీమా. ఆరో తరగతి చదువుతున్న మావాడు, ఇంట్లో ఒక్కతీ ఉండలేనన్న మా అమ్మ కూడా బయల్దేరారు. కోటిపల్లిలో గోదావరి దాటించే పంటు ఎక్కి ముక్తేశ్వరం దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. మూడింటి ఆట మూడున్నరకి మొదలైంది.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పేస్తాను. నా కోపం సినిమా మీద కాదు. అది 1968లో స్టాన్లీ క్యూబ్రిక్ తీసింది. కథని ఆర్థర్ సి. క్లార్క్‌తో కలిసి రాసుకున్నాడు. విడుదలైనప్పుడు అమెరికాలోనే జనం మధ్యలో లేచి వెళ్ళిపోయారు. పెద్ద పెద్ద విమర్శకులు కూడా రెండుగా చీలిపోయారు. మొదటి ఆటలు పడ్డాక క్యూబ్రిక్ తనే కూర్చుని దాదాపు 19 నిమిషాలు కత్తిరించాడు. తర్వాత అదే సినిమాకి స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఆయనకి ఆస్కార్ వచ్చింది. దీని అర్థమేంటని అడిగినవాళ్ళకి ఆయన చాలావరకు విప్పి చెప్పలేదు, చూసినవాళ్ళకే వదిలేశాడు. అలాంటి సినిమా. నచ్చచ్చు, నచ్చకపోవచ్చు. కానీ ఇందులో తెర మీద ఒక్క ఏలియన్ కూడా కనబడదు. సంగ్రామం అంటారా, మొదట్లో కోతి మనుషులు నీటిగుంట కోసం ఎముకతో కొట్టుకోవడం ఉంది, దాన్నే అనుకోవాలి.

మొదలుపెట్టడమే తేడా. సినిమాలో ముందు దాదాపు మూడు నిమిషాలు నల్లటి తెర మీద సంగీతమే వస్తుంది, అలా ఉండాలనే పెట్టారు. మండపంలో ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్న కుర్రాడు ఫైలు పాడైందనుకుని ముందుకి లాగేశాడు. సెన్సార్ సర్టిఫికెట్ పడనే లేదు. నాకు అప్పుడు తట్టలేదు గానీ, మన దగ్గర ఏ హాల్లోనైనా ముందు పడాల్సింది అదే కదా.

ఆ తర్వాత పాతిక నిమిషాలు ఒక్క మాట లేదు. కోతి మనుషులు, ఎడారి, మధ్యలో నిలువుగా ఒక నల్లటి పలక. ‘సౌండ్ పెట్టండెహె’ అని వెనకనుంచి కేకలు. ఒక కోతి మనిషి ఎముకని పైకి విసిరాడు. అది కిందకి వస్తూ ఉండగానే అంతరిక్ష నౌక అయిపోయింది. లక్షల ఏళ్ళు ఒక్క రెప్పపాటులో దాటించాడన్నమాట క్యూబ్రిక్. ‘రీలు మార్చేశారేట్రా’ అన్నాడు నా పక్కాయన. మాటలు మొదలయ్యాక తెలిసింది, తెలుగు లేదు. కింద అక్షరాలూ లేవు.

బొమ్మ సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. ఈ సినిమాని 70 ఎం.ఎం. పెద్ద తెర కోసం తీశారు. వీళ్ళు పెళ్ళి స్టేజీ మీద కట్టిన తెల్లగుడ్డకి సరిపెట్టాలని బొమ్మని రెండు పక్కలా నొక్కేశారు. గుండ్రంగా చక్రంలా తిరిగే స్పేస్ స్టేషన్ కోడిగుడ్డులా తిరిగింది. వ్యోమగాముల మొహాలు సొరకాయల్లా సాగాయి.

గంట అవుతుండగా, రాట్నం లాంటి గదిలో ఒకతను గుండ్రంగా పరిగెడుతుంటే ఠకీమని ఆపి లైట్లు వేశారు, సమోసాలు అమ్ముకోవాలిగా! మళ్ళీ మొదలెట్టాక అరగంటకి, నౌకని నడిపే కంప్యూటరు, తనని ఆపేద్దామని చాటుగా మాట్లాడుకుంటున్న ఇద్దరు మనుషుల పెదాల కదలిక చూసి మాటలు పసిగట్టే చోట, సినిమాలోనే ఉన్న ఇంటర్వెల్ కార్డు పడింది. ‘మళ్ళీనా!’ అని హాలంతా ఒకటే నవ్వు. గోదారోళ్ళ ఎటకారం తెలిసిందేగా. కానీ ఆ సీన్ అక్కడ ఎందుకు ఆగిందో నాకు అప్పుడు తెలిసింది. ఒంట్లో చలి పుట్టింది నిజంగా.

ఆ తర్వాత ఆ కంప్యూటర్‌ని ఆపేసే సీన్. వ్యోమగామి లోపలికి దూరి దాని జ్ఞాపకాల బిళ్ళలు ఒక్కోటీ బయటికి తిప్పుతుంటే, అది బతిమాలుతుంది, తర్వాత ఒక పాట ఎత్తుకుంటుంది. పాడుతూ పాడుతూ గొంతు సాగిపోతుంది. బ్యాటరీలు అయిపోతున్న టేప్ రికార్డర్ గుర్తుందా, అచ్చం అలా. అంతసేపూ గోల చేసిన హాలు గప్‌చిప్. మావాడు నా చెయ్యి పట్టుకుని ‘నాన్నా, అది మిషనే కదా, మరి భయపడుతోందేంటి?’ అన్నాడు. ఇంగ్లిష్ మీడియం వాడు, అది ‘భయమేస్తోంది’ అన్న మాట మటుకు పట్టుకున్నాడు.

అసలు దెబ్బ చివర్లో పడింది. ఆరింటికి రెండో ఆట ఉంది. ఈ సినిమా ఇంటర్వెల్‌తో కలిపి దాదాపు రెండున్నర గంటలు. పోస్టర్లో రెండు గంటలన్నారు, పైగా అరగంట ఆలస్యం. ఏం చేశారంటే, గురుగ్రహం దాటాక రంగురంగుల వెలుగుల్లోంచి దూసుకుపోయే ఘట్టం ఉంది చూడండి, జనం ఇన్నేళ్ళుగా చెప్పుకునేది దాన్నే, దాన్ని పరపరా ముందుకి లాగేశారు. వెలుగులు రెండు తళుక్కుమన్నాయి, అంతే, ఒక తెల్లటి గదిలో ముసలాయన భోంచేస్తున్నాడు.

బయట టీ బండి దగ్గర పంచాయతీ మొదలైంది. రొయ్యల చెరువులున్న ఒకాయన రిటైరైన సైన్సు మాస్టారి మీద పడ్డాడు.

‘మేతేసే టైము వదులుకుని వచ్చానండి, నల్లరాయి చూడ్డానికి!’

‘ఆ రాయిలోనే ఉందండి కథంతా.’

‘అయితే ఆ రాయేంటో చెప్పండి.’

‘అది చెప్పలేదండి ఆయన. చెప్పకపోవడమే దాని అందం.’

‘చెప్పనిదానికి మూడొందలాండి?’

మా బావగారు రొయ్యలాయన పక్షం. నేను మధ్యలో. మా అమ్మ మటుకు, ‘ముసలాయన మంచమ్మీంచి ఆ రాయికేసి చెయ్యి చాపాడు, తర్వాత బిడ్డగా వచ్చాడు. మళ్ళీ పుట్టాడు, అంతేగా. దానికెందుకర్రా ఇంత గొడవ’ అంది. మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టి నమస్కారం పెట్టారు.

కానీ వింతేంటంటే, నచ్చినాయనా నచ్చనాయనా ఇద్దరూ మోసపోయారు. రొయ్యలాయనకి యుద్ధం అమ్మారు, యుద్ధం లేదు. మాస్టారు కాలేజీ రోజుల నుంచి చూడాలనుకున్న సినిమా ఇది, ఆయనకి నొక్కేసి, కోసేసి చూపించారు. డబ్బులడిగితే నిర్వాహకుడు ‘సినిమా నచ్చకపోతే వాపసు ఇవ్వడానికి ఇదేమన్నా చీరల కొట్టాండి?’ అన్నాడు. నచ్చలేదని అడగట్లేదయ్యా, చెప్పింది చూపించలేదని అడుగుతున్నాం అంటే ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. రాత్రికి ఆ వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు.

మీ ఊళ్ళో ఇలాంటి పోస్టర్ పడితే ముందు అసలు పేరు వెతికి పట్టుకోండి, ఫోన్‌లో కొడితే ఎంతసేపు సినిమానో వచ్చేస్తుంది. వాళ్ళు చెప్పే నిడివి అంతకంటే తక్కువుంటే కత్తెర పడుతుందనే లెక్క. తెలుగు అంటే డబ్బింగా, కింద అక్షరాలా అని మెసేజ్‌లోనే అడగండి, నోటిమాట పనికిరాదు. సెన్సార్ సర్టిఫికెట్ ఉందా అని కూడా అడగండి. నేను అడగలేదు, ఆ నలుపు తెర మీదే నా 1,200 మునిగాయి.

ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ళు 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళినా 5 లక్షల లోపు కొన్నదానికి ఫిర్యాదు ఫీజు ఉండదు. మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, రేవు దాటి వెళ్ళక్కర్లేదు. పోస్టరు, టికెట్లు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ నేను దాచాను. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్పండి, కలిసి వేద్దాం. సినిమా నచ్చినవాళ్ళు కూడా రండి. మాస్టారు, రొయ్యలాయన ఒకే కాగితం మీద సంతకాలు పెట్టేశారు. సంతకం పెడుతూ కూడా ఆ రాయి గురించే కొట్టుకున్నారు.