టీఎంఎస్ అని చెప్పి వేరే ప్యాకేజీ అంటగడుతున్నారు, డబ్బు కట్టే ముందు చదవండి

కూకట్‌పల్లి చుట్టుపక్కల "మందులు లేకుండా డిప్రెషన్‌కి బ్రెయిన్ ట్రీట్‌మెంట్" అన్న బోర్డు చూసి ఎవరైనా వెళ్లాలనుకుంటే, దయచేసి ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి.

మా అక్కకి రెండేళ్లుగా డిప్రెషన్. మూడుసార్లు మందులు మార్చినా పెద్దగా గుణం కనిపించలేదు. అలాంటప్పుడే బావకి ఈ సెంటర్ సంగతి తెలిసింది. వెళ్తే కౌన్సెలర్‌నని చెప్పుకున్న ఒకావిడ కూర్చోబెట్టి, "టీఎంఎస్ అండీ, అయస్కాంతంతో మెదడుకి ట్రీట్‌మెంట్. ఇరవై సిట్టింగులు, గ్యారంటీగా తగ్గిపోతుంది" అంది. ప్యాకేజీ 60 వేలు, ఈ రోజే కడితే 48 వేలు. కట్టేశాం. పక్కన అక్క తల వంచుకుని కూర్చుని ఉంటే ఇంకేం ప్రశ్నలు వేస్తాం?

లోపల డాక్టర్ లేరు. ఒక కుర్రాడు వైఫై మోడెమ్ అంత పెట్టె తెచ్చి, రెండు స్పాంజి ముక్కలు అక్క నుదుటి మీద పెట్టి బెల్టు బిగించాడు. ఫిట్స్ ఉన్నాయా, తలలో లోహం ఏమైనా ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఒక్క ప్రశ్న లేదు. మూడో రోజు అక్క మంట అంటే, "పవర్ పనిచేస్తోందని అర్థం మేడమ్" అన్నాడు. బెల్టు తీశాక నేను స్పాంజి ముట్టుకుని చూశాను. ఎండిపోయి అట్టముక్కలా ఉంది. అక్క నుదుటి మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. అది మానడానికి రెండు వారాలు పట్టింది.

అసలు అది టీఎంఎస్సే కాదని మాకు తర్వాత తెలిసింది. ఆ పెట్టె టీడీసీఎస్. 1, 2 మిల్లీయాంపియర్ల బలహీనమైన కరెంటు పంపే యంత్రం. దాని మీదా పరిశోధనలు జరుగుతున్నాయి, అది దొంగ వస్తువేం కాదు. కానీ స్పాంజి ఉప్పునీళ్లతో బాగా తడిగా ఉండాలి, లేకపోతే చర్మం కాలుతుంది. పైగా మేం డబ్బు కట్టింది దానికి కాదు.

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించింది ఇంకోటి. ఆ సెంటర్‌వాళ్లు మాత్రలు ఆపేయమన్నారు. అక్క ఉన్నపళంగా ఆపేసింది. వారంలో నిద్ర కరువైంది, తల తిరుగుడు, రాత్రుళ్లు ఏడుపు. ఆ రాత్రుల గురించి ఇక్కడ రాయలేను. ఎనిమిదో సిట్టింగుతో మానిపించాం.

తర్వాత పాత డాక్టర్ గారే సైకియాట్రిస్టులున్న ఆస్పత్రికి పంపారు. అక్కడ అసలైన టీఎంఎస్ చూశాను. ముందు అరగంట ప్రశ్నలే. చెవుల్లో దూది లాంటివి పెట్టారు, ఎందుకంటే తలకి ఆనించే అయస్కాంతపు తీగచుట్ట, అదే కాయిల్, టకటకమని గట్టిగా కొడుతుంది. ఆ కాయిల్ ఎనిమిది అంకె ఆకారంలో ఉంది. తల ఎడమవైపు ఆనించి కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ పోతే, ఒకచోట అక్క కుడి చేతి బొటనవేలు దానంతటదే ఎగిరింది. అక్క ఉలిక్కిపడి నా వైపు చూసింది. ఆ వేలు కదిలిన మోతాదుని బట్టే ఆ మనిషికి ఎంత ఇవ్వాలో లెక్క కడతారట. ఇది కొలవకుండా టీఎంఎస్ మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఈ చికిత్స నిజమైనదే. మందులకి లొంగని డిప్రెషన్‌కి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2008లోనే అనుమతించింది. మామూలుగా వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తారు. ఫిట్స్ వచ్చే ప్రమాదం చాలా తక్కువ, కానీ ఉంది, అందుకే అన్ని ప్రశ్నలు. డాక్టర్ గారు గ్యారంటీ ఇవ్వలేదు. "అందరికీ పనిచేయదమ్మా, చూద్దాం" అన్నారు. మాత్రలు మాత్రం తను చెప్పేదాకా ఆపొద్దన్నారు. ఇప్పటికి పదకొండు సిట్టింగులయ్యాయి. మొన్న ఆదివారం అక్క తనంతట తానే టీ పెట్టుకుంది.

డబ్బు సంగతి. వెనక్కివ్వమని ఆ సెంటర్‌వాళ్లని అడిగితే బిల్లు చూడమన్నారు. దాని మీద టీఎంఎస్ అన్న మాటే లేదు, "వెల్‌నెస్ ప్యాకేజీ" అని ఉంది. బిల్లు మీద చికిత్స పేరు, డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాయించుకోకుండా రూపాయి ఇవ్వకండి. అదృష్టం కొద్దీ వాళ్లు వాట్సాప్‌లో "టీఎంఎస్" అని పంపిన మెసేజులు నేను చెరిపేయలేదు. అవి పెట్టుకుని 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. ఇంట్లో ఎవరికైనా మనసు బాగా లేక ఎటు వెళ్లాలో తెలియకపోతే ముందు 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, ఉచితం.

ఒక్క మాట. ఆ సెంటర్ వెయిటింగ్‌లో కరీంనగర్ నుంచి వచ్చిన ఒకమ్మ ఉండేది, నాలుగేళ్ల బాబుని ఒళ్లో పెట్టుకుని. ఆటిజం ఉన్న బాబుకి ఈ పెట్టెతోనే మాటలు వస్తాయన్నారట. గొలుసు తాకట్టు పెట్టానని అక్కతో చెప్పింది. ఆ రోజు నాకు ఏమీ తెలియదు, ఆమె నంబరు తీసుకోలేదు. అమ్మా, ఈ పోస్టు మీ కంట పడితే మిగతా డబ్బు కట్టకండి, బాబుని ముందు పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఆమెని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఇది చేరవేయండి.