కుంకుడుకాయ, కొబ్బరి నూనె, వెడల్పు పళ్ల దువ్వెన: గుండు నుంచి నడుము దాకా వాడి చూశాక

ముందే ఒక మాట. కుంకుడుకాయ గానీ, కొబ్బరి నూనె గానీ, వేప చెక్క దువ్వెన గానీ జుట్టును పెంచవు. జుట్టు దానంతటదే పెరుగుతుంది, నెలకు సుమారు అర అంగుళం చొప్పున. ఈ మూడూ చేసే పనల్లా పెరిగిన జుట్టు తెగిపోకుండా చూడటమే. ఇంత నమ్మకంగా ఎలా చెబుతున్నానంటే, నేను మొదలుపెట్టింది గుండు నుంచి. మా బాబు ఆరోగ్యం కోసం మొక్కుకుని 2018 వేసవిలో బెజవాడ దుర్గమ్మకు తలనీలాలు ఇచ్చాను. ఇప్పుడు జడ నడుము దాటింది. ఇన్నేళ్లలో ఏది పనికొచ్చింది, ఏది వట్టి శ్రమ అన్నది రాస్తున్నాను.

గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందని అప్పుడు చాలామంది ధైర్యం చెప్పారు. అది నిజం కాదు. వెంట్రుక ఎంత లావుండాలో చర్మం కింద ఉన్న కుదురు తేలుస్తుంది, కత్తి అక్కడిదాకా పోదు. మొద్దుగా తెగిన కొస చేతికి గరుకుగా తగులుతుంది కాబట్టి కొన్నాళ్లు ఒత్తుగా అనిపిస్తుంది, అంతే. నాకు గుండుకు ముందు జడ ఎంత లావో ఇప్పుడూ అంతే.

పొడవు విషయంలో లెక్క తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఏడాదికి ఆరంగుళాలు. అంటే భుజాలు దాటడానికే రెండేళ్లకు పైగా పడుతుంది, నడుము దాకా రావాలంటే ఐదారేళ్లు. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేడేళ్లు పెరిగి, ఆగి, మూడు నెలల పాటు అలాగే ఉండి రాలిపోతుంది. ఆ పెరిగే కాలం కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ. అది పుట్టుకతో వచ్చేది. మూడేళ్లకే ఆగే జుట్టు ఉన్నవాళ్లకు మోకాళ్ల దాకా జడ ఏ నూనె రాసినా రాదు. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే. దువ్వెనలో కనిపించే ఉండ చూసి భయపడనక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. నడుము దాకా ఉన్న జడలో కొసల వయసు ఐదేళ్లు. అన్ని బెజవాడ ఎండాకాలాలు చూసిన వెంట్రుక అది. కుదురు దగ్గరి జుట్టు కొత్త చీరైతే కొసలు ఎన్నోసార్లు ఉతికిన పాత నూలు చీర. ఆ చీరను బండకేసి బాదం కదా. తలంటు దగ్గర నుంచి జడ వేయడం దాకా నా పద్ధతంతా ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది.

కుంకుడుకాయ సంగతికొస్తాను. వన్ టౌన్‌కి వెళ్లినప్పుడు కాళేశ్వరరావు మార్కెట్ వైపు కొట్లలో కొంటాను. పొడి కాకుండా కాయలే తీసుకుంటాను. పొడి ఎంత కడిగినా కుదుళ్లలో ఇసుకలా మిగులుతుంది, దాన్ని వదిలించడానికి తల రుద్దాల్సి వస్తుంది. ఎనిమిది పది కాయలు కొట్టి గింజలు తీసి రాత్రి వేడినీళ్లలో నానబెడతాను. పొద్దున చేత్తో బాగా పిసికి, పల్చటి బట్టలో వడకట్టి, ఆ పులుసులో మళ్లీ అంతకంత నీళ్లు కలుపుతాను. చిక్కటి పులుసు నేరుగా తల మీద పోసుకుంటే జుట్టులో ఉన్న కాస్త జిడ్డునూ ఊడ్చేస్తుంది. చాలామంది కుంకుడుకాయ పడలేదని మానేయడానికి కారణం ఇదే అనిపిస్తుంది నాకు. మిగిలిన పులుసు మర్నాటికి దాచకండి, పాడవుతుంది.

దీనిలో నురగ వచ్చేది కాయలో సహజంగా ఉండే సపోనిన్లనే పదార్థాల వల్ల. ఒంటి సబ్బు క్షారం. తలకు రాస్తే వెంట్రుక మీది పొలుసులు లేచి జుట్టు గరుకు తేలుతుంది. కుంకుడు పులుసు కొద్దిగా ఆమ్లం వైపే ఉంటుంది. పైగా బోరు నీళ్లతో సబ్బు కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది. కుంకుడుకాయతో ఆ బాధ లేదు. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్లకు కుళాయిల మీద తెల్లటి పొర కడుతుంది కాబట్టి ఈ తేడా నాకు స్పష్టంగా తెలిసింది.

లోపాలు కూడా చెప్పాలి. కళ్లలో పడితే ఆ మంట భరించలేం. చిన్నప్పుడు మా అమ్మ గుంటూరు బ్రాడీపేట ఇంట్లో పెరట్లో కూర్చోబెట్టి తలంటేది. ఏడుపు మొదలవగానే నోట్లో కల్లుప్పు వేసేది. ఉప్పు మా ధ్యాస మళ్లించేదేమో గానీ, మంట తగ్గాలంటే చేయాల్సింది చల్లటి మంచినీళ్లతో కళ్లు కడగడం. అంతకంటే పెద్ద లోపం, కుంకుడుకాయ శుభ్రం చేస్తుందే తప్ప మెత్తబరచదు. తడి మీద జుట్టు బిరుసుగా ఉండి చిక్కు పడుతుంది. నానబెట్టిన గుప్పెడు మందారాకులు పులుసులో పిసికితే ఆ జిగురు కొంత ఆదుకుంటుంది. భుజాల దాకా ఉన్న జుట్టుకు అది చాలింది. నడుము దగ్గరికొచ్చాక చాలలేదు.

అందుకే ఇప్పుడు ఆదివారం కుంకుడుకాయ, వారం మధ్యలో ఒకసారి మామూలు షాంపూ, ఆ తర్వాత కండిషనర్. పొద్దున్నే స్కూటీ మీద బెంజ్ సర్కిల్ దాటి ఆఫీసుకు పోయి వచ్చేవాళ్ల తల వారమంతా చెమటతో, దుమ్ముతో ఉంటే ఆగదు. షాంపూ విషం కాదు. తలకు మాత్రమే, కొద్దిగా, నీళ్లలో కలిపి వాడండి. కొసలను రుద్దకండి, జారే నురగ వాటికి సరిపోతుంది. కండిషనర్ మాత్రం కుదుళ్లకు కాకుండా చెవుల కింది నుంచి కొసల దాకా. “కుంకుడుకాయ ఉండగా ఇదంతా ఎందుకమ్మా?” అని మా అత్తయ్యగారు అడిగారు. నెరిసిన జుట్టు పొడిబారి చిక్కు పడుతోందని ఆవిడే తర్వాత ఒకసారి రాసుకుని చూశారు, ఇప్పుడు ఆవిడా వాడుతున్నారు. నడుము దాకా జుట్టు కావాలంటే కుంకుడుకాయ లేకుండా సాధ్యమే గానీ కండిషనర్ లాంటిదేదీ లేకుండా చాలా కష్టం. ఇది నా గట్టి అభిప్రాయం.

నీళ్ల గురించి ఎక్కువమంది అడుగుతారు. బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వెంట్రుక మీద పేరుకుని బిరుసు తెప్పిస్తాయి. గుండు అయ్యేంత జుట్టు రాలడానికి మాత్రం నీళ్లు కారణం కావు. షవర్‌కి తగిలించే చిన్న ఫిల్టర్లు నీటి కాఠిన్యాన్ని పెద్దగా తగ్గించవు. మా పై ఫ్లాటు వాళ్లు ఒకటి పెట్టించుకున్నా బకెట్ అంచున తెల్ల చార అలాగే కడుతోంది. నిజంగా తగ్గాలంటే కాఠిన్యాన్ని పట్టుకునే రెజిన్ గుళికలు ఉండి, మధ్యమధ్య ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్ కావాలి, అది ఖర్చుతో కూడిన పని. నేను చేసేది చాలా తేలిక. తలంటు రోజు మున్సిపల్ కుళాయి నుంచి కృష్ణ నీళ్లు ఒక బకెట్ పట్టి ఉంచుకుని, చివరి కడుగు ఆ నీళ్లతో కడుగుతాను.

కొబ్బరి నూనె మీద నాకు నమ్మకం ఉంది, దానికి కారణమూ ఉంది. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగుతుంది. అందువల్ల తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బడం, మాంసకృత్తులు కోల్పోవడం తగ్గుతాయి. మినరల్ ఆయిల్‌కీ, పొద్దుతిరుగుడు నూనెకీ ఆ గుణం కనిపించలేదని 2003లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. అది చేసింది కొబ్బరి నూనె కంపెనీలో పనిచేసే శాస్త్రవేత్తలే. అది గుర్తుంచుకునే చదివాను, కానీ నా కొసల మీద చూసిన ఫలితం దానికి సరిపోయింది. అంబాజీపేట వైపు నుంచి చుట్టాలు ఎవరొస్తున్నా గానుగ నూనె తెమ్మంటాను. లేనప్పుడు కొట్లో దొరికే మామూలు కొబ్బరి నూనె. రెండింటికీ వాసనలో తప్ప తేడా పట్టుకోలేకపోయాను.

నూనె రాయాల్సింది తలంటుకు ముందు. రాత్రి రాసినా సరే, గంట ముందు రాసినా సరే. కొసలకు ఎక్కువ, మాడుకు తక్కువ. తలంటుకున్నాక మళ్లీ నూనె పెట్టి రోడ్డెక్కితే బెజవాడ దుమ్మంతా తలమీదే ఉంటుంది. చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం మాడుకు నూనె మానేయండి. చుండ్రుకు కారణమయ్యే ఈస్టుకు ఆ జిడ్డే ఆహారం. “తల ఎండిపోయి పొట్టు రాలుతోంది, నూనె దట్టించు” అనేది మన ఇళ్లలో అందరూ చెప్పే మాటే, కానీ దానివల్ల చుండ్రు ముదురుతుంది. ఆ ఈస్టును అణిచే కీటోకోనజోల్ షాంపూ డాక్టరు చెప్పినట్టు వాడితే తగ్గుతుంది. ఉల్లిరసం, మెంతి ముద్ద, కరివేపాకు నూనె అన్నీ చూశాను. మెంతులు మెత్తదనం ఇస్తాయి. మిగతావాటికి నా జుట్టులో ఏ మార్పూ లేదు.

దువ్వెనలో చెక్క గొప్పదనం ఏమీ లేదు. పళ్లు ఎడంగా, నున్నగా ఉండాలి. అచ్చు పోసిన ప్లాస్టిక్ దువ్వెన పళ్ల మధ్య సన్నటి అతుకు గీత ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది, అది వెంట్రుకను గీరుతుంది. వేప దువ్వెనలో ఆ గీత ఉండదు. తడి జుట్టు సాగి తెగుతుంది కాబట్టి ముక్కాలు వంతు ఆరేదాకా దువ్వను. దువ్వేటప్పుడు కొసల నుంచి మొదలుపెట్టి పైకి వస్తాను, ఒక్కో పాయ చేత్తో పట్టుకుని. దీనికి ఓపిక కావాలి. పొద్దున్నే క్యారేజీలు సర్దే హడావిడిలో కుదరదు, అందుకే రాత్రి పడుకునేముందు చిక్కు తీసి వదులుగా జడ వేసుకుంటాను. తల తుడవడానికి పాత మంగళగిరి నూలు చీర చింపిన ముక్క వాడతాను. టర్కీ తువ్వాలు చుట్టి రుద్దడం మానేశాక నుదుటి పైన తెగి లేచే చిన్న వెంట్రుకలు బాగా తగ్గాయి. సాంబ్రాణి పొగ అంటే నాకు ప్రాణం. అది వాసన కోసమే, నిప్పుకు దూరంగా పట్టండి.

జడ బిగుతు గురించి ఆడపిల్లల తల్లులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. స్కూలుకు రెండు జడలు మడిచి, కళ్లు పైకి లాగేంత బిగుతుగా రిబ్బన్లు కట్టకండి. రోజూ లాగుతుంటే కణతల దగ్గర, నుదుటి అంచున కుదుళ్లు దెబ్బతింటాయి. ఏళ్ల తరబడి సాగితే అక్కడ జుట్టు తిరిగి రాదు కూడా. పూలజడ, సవరం ఒక పూట వేడుకకు పరవాలేదు. స్కూటీ నడిపేవాళ్లు జడ వేసి చున్నీ లోపల పెట్టుకోండి. విరబోసుకుని బందరు రోడ్డు మీద పోతే వచ్చే చిక్కు తీయడానికి సాయంత్రం సరిపోదు.

ఇవేవీ ఆపలేని రాలుడు నాకు ఒకసారి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వీధిలోనూ నీళ్లు నిలిచాయి. ఆ తర్వాత నాకు గట్టి జ్వరం పట్టుకుంది. డిసెంబరు వచ్చేసరికి తలలో చెయ్యి పెడితే గుప్పెడు ఊడి వచ్చేది. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషను లాంటివి అయిన రెండు మూడు నెలలకు ఇలా ఒక్కసారిగా రాలుతుందని చర్మవైద్యురాలు చెప్పారు. షాంపూ మార్చవద్దని, నూనె మార్చవద్దని, రక్తపరీక్ష చేయించుకోమని అన్నారు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ తక్కువగా వచ్చింది. ఐరన్ మాత్రలు రాసి, వాటి దగ్గర్లో కాఫీ, టీ తాగవద్దని, అవి ఐరన్‌ను ఒంటబట్టనివ్వవని చెప్పారు. మందుల షాపులో ఇచ్చిన బయోటిన్ అనే విటమిన్ మాత్రలు చూపిస్తే, లోపం లేనివాళ్లకు దానివల్ల లాభం ఉందనడానికి సరైన ఆధారం లేదని, పైగా థైరాయిడ్ పరీక్ష ఫలితాలను తారుమారు చేస్తుందని ఆపించారు. వేసవికి రాలడం తగ్గి, నుదుటి అంచున కొత్త జుట్టు వచ్చింది.

కాబట్టి పాపిట రోజురోజుకూ వెడల్పవుతున్నా, రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడినా, నెలసరి తేడాలతో పాటు జుట్టు పలచబడుతున్నా నా కుంకుడుకాయల దగ్గర ఆగిపోకండి. చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఆలస్యమయ్యేకొద్దీ కుదుళ్లను కాపాడుకోవడం కష్టమవుతుంది.

కొసలు కత్తిరిస్తే జుట్టు వేగంగా పెరగదు, కానీ చిట్లిన కొసను అలాగే వదిలితే చీలిక పైకి పాకుతుంది. నేను మూడు నాలుగు నెలలకు ఒకసారి, జుట్టు పొడిగా ఉన్నప్పుడు, వెలుతురులో కూర్చుని ఒక్కో పాయను మెలితిప్పి, బయటికి పొడుచుకొచ్చిన చిట్లిన కొసలను మాత్రమే తీసేస్తాను. పొడవు తగ్గదు. దానికి కత్తెర విడిగా పెట్టుకోండి. కాగితాలు, పాల ప్యాకెట్లు కోసిన కత్తెర మొద్దుబారి ఉంటుంది, దానితో కోస్తే అదే కొస మళ్లీ చిట్లుతుంది.